ఈ మోటారుకు కరెంటెలా ఇవ్వాలి? సోలినాయిడ్ నుంచి త్రీ ఫేజ్ దాకా గుర్తుపట్టి, పరీక్షించి, నడిపే క్రమం

"హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్న మోటారుకు నాలుగు వైర్లున్నాయి, ఏది దేనికి కలపాలి?" "పన్నెండు వోల్టులిస్తే ఒక్కసారి కదిలి ఆగిపోయింది, కాలిపోయిందా?" "ఫ్యాను చేత్తో తిప్పితేనే తిరుగుతోంది, వైండింగ్ పోయిందా?" ప్రాజెక్టులు చేసే విద్యార్థులు, ఇంట్లో రిపేర్లు తామే చేసుకునేవాళ్లు ఇవే అడుగుతున్నారు. మూడింటికీ జవాబు ఒకచోటే మొదలవుతుంది: చేతిలో ఉన్నది ఏ రకం మోటారో తేలనిదే దానికి కరెంటివ్వకూడదు.

1. ముందు రెండు ప్రశ్నలు

తీగలో కరెంటు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. అది ఇనుమునో, అయస్కాంతాన్నో, కరెంటు పారే మరో తీగనో లాగుతుంది, లేదా నెడుతుంది. ఇంతవరకూ అన్నీ ఒకటే. లాగాల్సినదాన్ని ఎదురుగా లాక్కున్నాక కదలిక ఆగిపోతుంది. ఆగకుండా తిరగాలంటే ఆ క్షేత్రాన్ని ఎవరో ఒకరు ముందుకు జరుపుతూ ఉండాలి.

మొదటి ప్రశ్న: క్షేత్రాన్ని తిప్పేది ఎవరు? కార్బన్లూ (బ్రష్‌లు) కమ్యుటేటరా (షాఫ్ట్ మీద అవి రాసుకునే రాగి పట్టీల రింగు), బయటి డ్రైవర్ బోర్డా, లేక సెకనుకు 50 సార్లు ఊగే ఏసీ సప్లైయేనా?

రెండో ప్రశ్న: కదలాల్సినది జామ్ అయితే కరెంటు ఏమవుతుంది? తిరిగే మోటారు అదే సమయంలో జనరేటర్ కూడా. అది పుట్టించే ఎదురు వోల్టేజీయే సప్లై నుంచి వచ్చే కరెంటును అదుపులో పెడుతుంది. ఆగితే ఆ ఎదురు వోల్టేజీ ఉండదు. రకాన్ని బట్టి జరిగేది ఇది:

- డీసీ సోలినాయిడ్ (కరెంటిస్తే ఇనుప ముక్కను లాక్కునే కాయిల్), స్టెప్పర్ (అడుగులు వేస్తూ తిరిగే మోటారు): కరెంటు పెరగదు. జామ్ వల్ల కాలవు.
- ఏసీ సోలినాయిడ్: చాలా పెరుగుతుంది. నిమిషాల్లో కాయిల్ మాడుతుంది.
- కార్బన్ల డీసీ మోటారు: వోల్టేజీని వైండింగ్ రెసిస్టెన్స్‌తో భాగిస్తే ఎంతో అంత కరెంటు పారుతుంది. మామూలుగా తిరిగేటప్పటికి పది, ఇరవై రెట్లు కావచ్చు.
- త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటారు: ఫుల్ లోడ్ కరెంటుకు దాదాపు 5 నుంచి 7 రెట్లు.
- బీఎల్‌డీసీ (కార్బన్లు లేని డీసీ మోటారు): కంట్రోలర్‌లో పెట్టిన పరిమితే దిక్కు.

కాలిన మోటార్లలో చాలావాటి కథ ఈ రెండో ప్రశ్న దగ్గరే తేలిపోతుంది.

2. బల్ల మీద సిద్ధం చేసుకోవాల్సినవి

- ఓమ్‌లు, డీసీ వోల్టులు, మైక్రోఫారడ్లు కొలిచే మల్టీమీటర్
- కరెంటు పరిమితి పెట్టుకోగలిగే 0-30 వోల్టుల బెంచ్ సప్లై, కనీసం 3 ఆంపియర్లది
- హోల్డర్‌లో 100 వాట్ల ఫిలమెంటు బల్బుతో సిరీస్ ల్యాంప్ (సప్లైకీ మోటారుకూ మధ్య సిరీస్‌లో కలిపే బల్బు). ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు
- 1ఎన్4007 డయోడ్లు, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు, 100 మైక్రోఫారడ్ 50 వోల్టుల ఎలక్ట్రోలిటిక్
- కండెన్సర్ (అంటే కెపాసిటరే) డిశ్చార్జి చేయడానికి 10 కిలోఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్
- 230 వోల్టులు ముట్టుకునే పనికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ఉన్న బోర్డు
- పెద్ద మోటార్లకు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు). కొనాల్సిన పనిలేదు, రాణిగంజ్ వైపు ఏ రీవైండింగ్ షాపులోనైనా ఉంటుంది

సీలింగ్ ఫ్యాను విప్పేటప్పుడు స్విచ్ ఒక్కటే ఆపితే చాలదు. పాత ఇళ్లలో స్విచ్ న్యూట్రల్‌లో పడి ఉండటం మామూలే. అలాంటప్పుడు స్విచ్ ఆపినా ఫ్యానులో ఫేజ్ ఉంటుంది. మెయిన్ దింపండి, టెస్టర్‌తో చూడండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి.

3. వైర్లు లెక్కపెట్టండి, షాఫ్ట్ తిప్పండి

ఏ సప్లైకీ కలపకుండానే చేసే పరీక్ష ఇది.

రెండు వైర్లు: మీటరు డీసీ వోల్టుల్లో పెట్టి షాఫ్ట్‌ను చురుగ్గా తిప్పండి. వోల్టేజీ వచ్చి, ఎదురు తిప్పితే గుర్తు మారితే అది అయస్కాంతాలున్న కార్బన్ల డీసీ మోటారు.

మూడు వైర్లు: మూడు జతల్లోనూ రెసిస్టెన్స్ ఒకేలా, చాలా తక్కువగా ఉంటే బీఎల్‌డీసీ. మూడు రీడింగులూ వేరువేరుగా ఉండి, పెద్దది మిగతా రెంటి మొత్తానికి సమానమైతే సింగిల్ ఫేజ్ ఫ్యాను లాంటి మోటారు. చిన్న ప్లాస్టిక్ డబ్బాకు ఎరుపు, గోధుమ, నారింజ వైర్లుంటే సర్వో, అంటే చెప్పిన కోణానికి తిరిగి నిలిచే మోటారు.

నాలుగు వైర్లు: రెండు జతలుగా తేలి, జతకూ జతకూ మధ్య కంటిన్యుటీ లేకపోతే బైపోలార్ స్టెప్పర్. మీటరు లేకపోయినా ఫరవాలేదు. రెండు వైర్ల కొనలు కలిపి షాఫ్ట్ తిప్పండి. ఒక్కసారిగా బిగిసినట్టయితే ఆ రెండూ ఒకే కాయిల్‌వి.

ఐదు లేదా ఆరు సన్నటి వైర్లు: యూనిపోలార్ స్టెప్పర్. మూడు లావుపాటివి, ఐదు సన్నవి కలిసి ఉంటే హాల్ సెన్సర్లున్న (అయస్కాంతం ఎక్కడుందో పసిగట్టేవి) బీఎల్‌డీసీ.

ఇంకా అనుమానం ఉంటే వైర్లన్నీ ఒకదానికొకటి కలిపేసి తిప్పండి. షాఫ్ట్ బరువెక్కితే లోపల అయస్కాంతాలున్నాయి. తేడా ఏమీ తెలియకపోతే ఇండక్షన్ మోటారు అయ్యుండవచ్చు.

4. సోలినాయిడ్: దగ్గరైతేనే బలం

చూడటానికి అన్నిటికన్నా తేలిక, ఎక్కువమంది తప్పు చేసేదీ ఇక్కడే. కాయిల్ మధ్యలో ఇనుప ప్లంజర్ ఉంటుంది, కరెంటిస్తే లోపలికి లాక్కుంటుంది. ఏ దిశలో కరెంటిచ్చినా లాగుతుందే తప్ప నెట్టదు. వెనక్కి రావాలంటే స్ప్రింగ్ కావాలి.

గ్యాప్ రెట్టింపైతే బలం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. 2 మిల్లీమీటర్ల దగ్గర గట్టిగా లాగినది 8 మిల్లీమీటర్ల దగ్గర పనిచేయడం లేదని కాయిల్‌ను నిందించకండి. తలుపు లాక్ చేస్తున్నా, వాల్వ్ చేస్తున్నా, బరువంతా కదలిక చివర్లో పడేలా లింకు అమర్చండి.

కలిపే క్రమం:

- కాయిల్ రెసిస్టెన్స్ కొలవండి. 12 వోల్టుల కాయిల్ 12 ఓమ్‌లు చూపితే 1 ఆంపియర్, అంటే 12 వాట్ల వేడి.
- కాయిల్‌కు సమాంతరంగా డయోడ్ పెట్టండి, తెల్ల గీత ఉన్న కొన పాజిటివ్ వైపు. ఇది లేకపోతే ఆపిన క్షణంలో పుట్టే వోల్టేజీ పోటుకు ట్రాన్సిస్టర్ పోతుంది.
- మైక్రోకంట్రోలర్ పిన్నుకు నేరుగా కలపవద్దు. మధ్యలో మాస్‌ఫెట్ (స్విచ్‌లా వాడే ట్రాన్సిస్టర్) ఉండాలి.
- పేరుపలక మీద 25 శాతం డ్యూటీ అని ఉంటే 10 సెకన్లు ఇచ్చాక 30 సెకన్లు ఆపాలి.

డయోడ్ పెట్టాక ప్లంజర్ వదలడం ఆలస్యమవుతుంది, ఎందుకంటే కరెంటు డయోడ్ గుండా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. వెంటనే వదలాలంటే డయోడ్‌తో సిరీస్‌లో, ఎదురు దిశలో ఒక జీనర్ డయోడ్ వేయండి. మాస్‌ఫెట్ తట్టుకునే వోల్టేజీ సప్లై, జీనర్ రెండూ కలిపినదానికన్నా ఎక్కువుండాలి.

ఉదయం బాగా లాగి మధ్యాహ్నానికి లాగనిది చాలామందిని కంగారుపెడుతుంది. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. కాయిల్ 25 నుంచి 105 డిగ్రీలకు వేడెక్కితే రెసిస్టెన్స్ 31 శాతం పెరుగుతుంది, కరెంటు ఆ మేరకు తగ్గుతుంది. బలం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక చల్లగా ఉన్నప్పటి బలంలో మిగిలేది 58 శాతమే. మే నెలలో మన ఊళ్లో గది బయటే 40 డిగ్రీలు దాటుతుంది. అందుకే పరీక్ష ఎప్పుడూ వేడెక్కిన కాయిల్‌తో చేయండి. ప్లంజర్ లోపలికి వచ్చాక పట్టి ఉంచడానికి పూర్తి కరెంటు అక్కర్లేదు. పీడబ్ల్యూఎంతో (సప్లైని వేగంగా ఆన్, ఆఫ్ చేసే పద్ధతి) కరెంటును మూడో వంతుకు తగ్గించినా చాలావాటిలో నిలుస్తుంది, వేడి తొమ్మిదో వంతుకు పడుతుంది.

ఏసీ సోలినాయిడ్ వేరే రకం జీవి. దానిలో కరెంటును ఆపేది రెసిస్టెన్స్ కన్నా ఇండక్టెన్స్. ప్లంజర్ పూర్తిగా లోపలికొస్తేనే ఇండక్టెన్స్ పెరిగి కరెంటు తగ్గుతుంది. వాషింగ్ మెషీన్ నీటి వాల్వ్‌లో బోరు నీటి ఉప్పు పేరుకుని ప్లంజర్ సగంలో ఇరుక్కుంటే కాయిల్ వేడెక్కి పోవడానికి కారణమిదే. కొత్త కాయిల్ వేసే ముందు ప్లంజర్, స్లీవ్ విప్పి, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి కడగండి. లేదంటే కొత్త కాయిల్ కూడా అదే దారి పడుతుంది. కాంటాక్టర్ (కాయిల్ లాగి కలిపే పెద్ద స్విచ్) జుయ్యిమని మోగుతుంటే ముందు కలిసే ముఖాల మధ్య దుమ్ము చూడండి, తర్వాత వాటి మీద ఉండే చిన్న రాగి రింగు విరిగిందేమో చూడండి.

స్పీకర్‌లో, హార్డ్ డిస్క్ హెడ్ కదిపేచోట ఉండేది వాయిస్ కాయిల్. అక్కడ శాశ్వత అయస్కాంతం పక్కన తీగే కదులుతుంది. కరెంటు దిశ మారిస్తే కదలిక దిశ మారుతుంది, బలం కరెంటుకు సరిగ్గా అనుపాతంలో ఉంటుంది. కదిలే దూరం మాత్రం తక్కువ.

5. కార్బన్లున్న మోటార్లు

ఇక్కడ క్షేత్రాన్ని తిప్పేది కమ్యుటేటర్. అందుకే డ్రైవర్ లేకుండా బ్యాటరీకి కలిపినా తిరుగుతుంది.

ముందు రెసిస్టెన్స్ కొలవండి. షాఫ్ట్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ ఐదారు చోట్ల చూసి, వాటిలో తక్కువది తీసుకోండి. 12 వోల్టుల మోటారు 2 ఓమ్‌లు చూపితే జామ్ కరెంటు 6 ఆంపియర్లు. డ్రైవర్ బోర్డును ఈ 6కు సరిపడా ఎంచుకోవాలి, ఊరికే తిరిగేటప్పుడు తీసుకునే 0.3కు కాదు. ఛానెల్‌కు 2 ఆంపియర్లే మోసే ఎల్298 బోర్డు ఇక్కడ సరిపోదు.

పూర్తి వేగంలో ఉండగా ఒక్కసారిగా దిశ మార్చకండి. అప్పుడు ఎదురు వోల్టేజీ కూడా సప్లైకి తోడై జామ్ కరెంటుకు దాదాపు రెట్టింపు పారుతుంది. ఆపి, అర సెకను ఆగి, తర్వాత తిప్పండి. కార్బన్ల నిప్పురవ్వల వల్ల మైక్రోకంట్రోలర్ రీసెట్ అవుతుంటే మోటారు రెండు టెర్మినళ్ల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ టాంకం వేయండి. అది బోర్డు దగ్గర కాదు, మోటారు మీదే ఉండాలి.

మిక్సీలోది యూనివర్సల్ మోటారు. ఫీల్డ్ కాయిల్, ఆర్మేచర్ సిరీస్‌లో ఉంటాయి కనుక ఏసీ దిశ మారినా రెండూ కలిసే మారతాయి, తిరిగే దిశ మారదు. గట్టి పచ్చడి పట్టి బ్లేడు ఆగినప్పుడు "ఇంకొంచెం" అని నాబ్ పట్టుకుని ఉంటే ఆర్మేచర్ వార్నిష్ మాడుతుంది. ఆపండి, గరిటెతో కలిపి కాస్త నీళ్లు పోయండి, అడుగునున్న ఎర్ర బటన్ బయటికొచ్చి ఉంటే చల్లారాక నొక్కండి.

కార్బన్లు మార్చేటప్పుడు చూడాల్సినవి:

- మూడో వంతు మిగలకముందే మార్చాలి, రెండూ ఒకేసారి
- స్ప్రింగ్ నొక్కి వదిలితే కార్బన్ హోల్డర్‌లో జారుతూ రావాలి
- కమ్యుటేటర్ నల్లబడితే సన్నటి గ్లాస్ పేపర్ వాడాలి. ఎమరీ వద్దు, దాని పొడి కరెంటును మోస్తుంది
- రాగి పట్టీల మధ్య గాళ్లలో కార్బన్ పొడి ఉంటే పుల్లతో గీకి తీయాలి
- కొత్తవి వేశాక చుట్టూ రింగులా నిప్పులొస్తుంటే తప్పు కార్బన్లది కాదు, ఆర్మేచర్ కాయిల్‌ది

6. స్టెప్పర్: ఒక్కసారి కదిలి ఆగడం దాని ధర్మం

దీనికి నేరుగా డీసీ ఇస్తే ఒక అడుగు వేసి బిగుసుకుంటుంది. కాలిపోలేదు. తర్వాతి అడుగు వేయించడం డ్రైవర్ పని. నెమా 17 సైజులో దొరికేవాటిలో ఎక్కువ శాతం అడుగుకు 1.8 డిగ్రీలు, చుట్టుకు 200 అడుగులు.

పేరుపలక మీద 1.7 ఆంపియర్లు, 2.8 వోల్టులు అని చూసి 12 వోల్టులిస్తే కాలిపోతుందేమోనని భయపడుతుంటారు. ఏ4988 లాంటి డ్రైవర్ కరెంటును కోసి కోసి పరిమితిలో ఉంచుతుంది. వోల్టేజీ ఎక్కువుంటే కాయిల్‌లో కరెంటు త్వరగా పెరిగి వేగంలోనూ బలం నిలుస్తుంది. అందుకే 12 లేదా 24 ఇవ్వడమే మేలు.

- బోర్డు మోటారు సప్లై పిన్నుల దగ్గరే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి.
- బోర్డు మీద సెన్స్ రెసిస్టర్ చదవండి. ఆర్100 అంటే 0.1 ఓమ్. బోర్డును బట్టి ఆర్050, ఆర్068 కూడా వస్తాయి.
- వీరెఫ్ (బోర్డు మీది చిన్న స్క్రూ తిప్పి పెట్టే రిఫరెన్స్ వోల్టేజీ) = 8 × కరెంటు × సెన్స్ రెసిస్టర్. 1 ఆంపియర్‌కు, ఆర్100 ఉంటే 0.8 వోల్టు. అదే బోర్డు ఆర్050 అయితే 0.4. ఇది చూడకుండా స్క్రూ తిప్పేవాళ్లు రెట్టింపు కరెంటు ఇచ్చేస్తారు.
- సప్లై ఆపి మోటారు కలపండి. కరెంటున్నప్పుడు మోటారు వైరు పీకితే డ్రైవర్ పోతుంది, ఎక్కువ డ్రైవర్లు పోయేది ఇలాగే.
- మోటారు వణుకుతూ తిరగకపోతే జతలు కలిశాయని అర్థం. దిశ తప్పితే ఒక జతలోని రెండు వైర్లు అటుఇటు మార్చండి.

జామ్ అయినా కాలదు గానీ అడుగులు తప్పుతుంది, తప్పిన సంగతి బోర్డుకు తెలియదు. వేగాన్ని సున్నా నుంచి మెల్లగా పెంచండి. ఆగి ఉన్నప్పుడు కూడా పూర్తి కరెంటు తీసుకుంటుంది కాబట్టి ఒళ్లు కాలేంత వేడెక్కడం సహజం. పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, దాని మీద బిగిస్తే కరెంటు తగ్గించక తప్పదు.

7. సర్వో, బీఎల్‌డీసీ

సర్వోకు ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒక పల్స్ కావాలి: 1.5 మిల్లీసెకన్లయితే మధ్యలో, 1 అయితే ఒక కొన, 2 అయితే మరో కొన. సప్లై వేరుగా ఇచ్చి గ్రౌండ్‌లు కలపండి. గ్రౌండ్ కలపకపోవడమే "పిచ్చిపిచ్చిగా ఊగుతోంది" అన్న ఫిర్యాదుకు మొదటి కారణం.

బీఎల్‌డీసీలో అయస్కాంతాలు తిరుగుతాయి, కాయిళ్లు కదలవు, కమ్యుటేటర్ పని ఎలక్ట్రానిక్స్ చేస్తుంది. హాల్ సెన్సర్లుంటే వాటికి 5 వోల్టులిచ్చి, షాఫ్ట్ మెల్లగా తిప్పుతూ మూడింటినీ చూడండి. 120 డిగ్రీల అమరికలో మూడూ ఒకేసారి హై, లేదా మూడూ ఒకేసారి లో రాకూడదు. వస్తే ఒక సెన్సర్ పోయింది. లావు వైర్ల క్రమం తెలియకపోతే ఆరు విధాలుగా కలపవచ్చు. సప్లైని 2 ఆంపియర్లకు కట్టి ఒక్కొక్కటీ ప్రయత్నించండి. సరైన క్రమంలో చప్పుడు లేకుండా, తక్కువ కరెంటుతో తిరుగుతుంది.

బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యానుకు పాత రెగ్యులేటర్ ఉంచకండి. దాన్ని తీసి నేరుగా స్విచ్‌కు కలపండి.

8. సీలింగ్ ఫ్యాను, సంపు మోటారు, బోరు మోటారు

సింగిల్ ఫేజ్ ఏసీ తనంతట తాను క్షేత్రాన్ని తిప్పలేదు, అక్కడే ముందుకూ వెనక్కీ ఊగుతుంది. అందుకే రెండో వైండింగ్‌కు కండెన్సర్ ద్వారా కరెంటిచ్చి కాలంలో తేడా తెస్తారు. కండెన్సర్ పోతే మోటారు మూలుగుతుంది, చేత్తో తిప్పితే ఆ దిశలో అందుకుంటుంది. ఇది వైండింగ్ పోయిన లక్షణం కాదు.

ఫ్యాను మూడు వైర్లలో గుర్తుపట్టే పద్ధతి: మూడు జతల రీడింగులు 150, 180, 330 ఓమ్‌లు వచ్చాయనుకోండి. 330 ఇచ్చిన రెండు వైర్లను పక్కన పెట్టండి, మిగిలినది కామన్. కండెన్సర్ ఆ రెండింటి మధ్య వస్తుంది. కామన్ నుంచి 150 చూపినది సాధారణంగా రన్నింగ్. సప్లై ఒక కొన కామన్‌కు, రెండో కొన రన్నింగ్‌కు. కింద నుంచి చూస్తే గడియారం ముళ్లకు ఎదురుగా తిరగాలి. లేకపోతే గాలి పైకి పోతుంది.

మొదటిసారి సిరీస్ ల్యాంప్ ద్వారా ఇవ్వండి. బల్బు మసకగా వెలిగితే సరే, పూర్తిగా వెలిగితే షార్ట్. ఒక కొన బాడీకి తాకించినా వెలిగితే బాడీ షార్ట్, దాన్ని మళ్లీ పైకి ఎక్కించకండి.

ఫ్యాను మెల్లగా తిరుగుతుంటే కండెన్సర్ కొలవండి. 2.5 మైక్రోఫారడ్ అని రాసి 1.8 చూపితే మార్చాలి, అదే విలువ, 440 వోల్టులది. వేగం పెరుగుతుందని 4 వేస్తే వైండింగ్ వేడెక్కుతుంది.

సబ్‌మెర్సిబుల్ బోరు మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే. వేసవిలో బోరు ఎండితే లోడు తగ్గి కరెంటు కూడా తగ్గుతుంది. అందువల్ల ఓవర్‌లోడ్ ట్రిప్ కాదు, మోటారు మాత్రం ఉడుకుతుంది. ప్యానెల్‌లో డ్రై రన్ ప్రొటెక్షన్ లేకపోతే ఏప్రిల్ లోపే పెట్టించండి.

9. త్రీ ఫేజ్

ఇక్కడ క్షేత్రం దానంతటదే తిరుగుతుంది. వేగం = 120 × ఫ్రీక్వెన్సీ ÷ పోల్స్. 50 హెర్ట్జ్, 4 పోల్స్ అయితే 1500. రోటర్ దానికి కొంచెం వెనకబడి తిరిగితేనే బలం పుడుతుంది, అందుకే పేరుపలక మీద 1440 లాంటి అంకె ఉంటుంది.

- మూడు వైండింగుల రెసిస్టెన్స్ దాదాపు సమానంగా ఉండాలి
- మెగ్గర్‌తో వైండింగ్, బాడీ మధ్య కనీసం 1 మెగాఓమ్. వానకు తడిసినది ఆరాకే పరీక్ష
- టెర్మినల్ బాక్సులో మూడు పట్టీలు పక్కపక్కన నిలువుగా ఉంటే డెల్టా, మూడు టెర్మినళ్లు ఒకే వరుసలో కలిపి ఉంటే స్టార్. పేరుపలకతో పోల్చండి
- ఓవర్‌లోడ్ రిలేను ఫుల్ లోడ్ కరెంటు దగ్గర పెట్టండి. 5 హెచ్‌పీకి 415 వోల్టుల దగ్గర అది సుమారు 7.5 ఆంపియర్లు
- ఒక్క క్షణం ఇచ్చి దిశ చూడండి. తప్పైతే ఏవైనా రెండు ఫేజులు మార్చండి

ట్రిప్ అవుతోందని రిలే నాబ్ పెంచడం జీడిమెట్ల, బాలానగర్ షెడ్లలో మోటార్లను చంపే అలవాటు. ముందు మూడు ఫేజుల కరెంటూ క్లాంప్ మీటరుతో చూడండి. కాలిన మోటారు విప్పినప్పుడు ఓవర్‌హ్యాంగ్‌ను (ఇనుప కోర్ బయటికి కనిపించే కాయిళ్ల కొనలు) పరీక్షగా చూడండి. అన్ని కాయిళ్లూ ఒకేలా నల్లబడితే ఓవర్‌లోడ్. స్టార్ మోటారులో రెండు ఫేజుల కాయిళ్లు మాడి ఒకటి కొత్తదానిలా మెరుస్తుంటే, డెల్టాలో ఒకటే మాడి రెండు బాగుంటే, అది సింగిల్ ఫేజింగ్. ఎక్కడో ఒక ఫ్యూజు ఎగిరింది, లేదా కాంటాక్టర్ కాంటాక్టు ఒకటి తినేసింది. ఆ కారణం వెతకకుండా రీవైండింగ్ చేయిస్తే డబ్బు మళ్లీ అదే మంటలో పడుతుంది.

వేగం మార్చాలంటే వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీ మార్చే ఇన్వర్టర్ డ్రైవ్). ఫ్రీక్వెన్సీతో పాటు వోల్టేజీని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తుంది. మన మెట్రో రైలూ పైతీగ నుంచి 25 కేవీ సింగిల్ ఫేజ్ తీసుకుని ఇలాగే ఇన్వర్టర్‌తో మోటార్లను నడుపుతుంది. తక్కువ వేగంలో మోటారు వెనకున్న సొంత ఫ్యాను సరిగా గాలివ్వదు. సగం వేగం కన్నా తక్కువలో గంటల తరబడి నడపాలంటే వేరే ఫ్యాను అమర్చండి.

10. లోపలి వేడిని మల్టీమీటర్‌తోనే కొలవడం

చెయ్యి పెట్టి వేడి అంచనా వేస్తే బాడీ సంగతే తెలుస్తుంది, రాగి సంగతి తెలియదు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్స్, గది ఉష్ణోగ్రత రాసుకోండి. మోటారు గంట నడిచాక ప్లగ్ తీసి, కండెన్సర్ డిశ్చార్జి చేసి, అర నిమిషంలోపు మళ్లీ కొలవండి.

వేడి = (వేడి రెసిస్టెన్స్ ÷ చల్లని రెసిస్టెన్స్) × (235 + మొదటి ఉష్ణోగ్రత) − 235. 30 డిగ్రీల దగ్గర 10 ఓమ్‌లు ఉన్నది 12.4 చూపితే 1.24 × 265 − 235, అంటే సుమారు 94 డిగ్రీలు. ఇది సగటు, లోపల కొన్నిచోట్ల ఇంకా ఎక్కువుంటుంది. ఇన్సులేషన్ క్లాస్ బీ అయితే హద్దు 130, ఎఫ్ అయితే 155, హెచ్ అయితే 180. కొలిచిన సగటుకూ హద్దుకూ మధ్య 15 డిగ్రీలైనా మిగలకపోతే లోడు తగ్గించండి, లేదా గాలి దారి శుభ్రం చేయండి. చాలాసార్లు వెనక జాలీలో పేరుకున్న దుమ్ము దులిపితేనే సరిపోతుంది.